ఆఖరు పిల్ల వచ్చేదాక

ఐదుంబావుకే వచ్చిండ్రా? మంచిగున్నది.
లైన్ల నిలవడకుండ్రి, ఇది ప్రేయరు కాదు.
బోరింగు కాడ మొఖం కడుక్కోండ్రి, తాగకుండ్రి,
ఆ నీళ్ళ సంగతి మీ తాతల మోకాళ్ళు చెప్తయి.
క్యాన్ల నీళ్ళు తెచ్చిన, నా టీవీఎస్ ముంగట ఉన్నయి.

ఇయ్యాల సున్నం గీతలు లేవు.
పట్నంల ఎనిమిది లైన్లు గీసి
ఎవల సందుల వాళ్ళను ఉరుకుమంటరు.
మనకు గుట్టల మీద గీతలు ఎవలు గీస్తరు?
బడి గేటు కాడ మొదలు,
బత్తాయి తోట కంచె పొంటి,
ఎండిన వాగుల ఇసుక దాటి,
నక్కలగుట్ట ఎక్కి, అటుదిక్కు దిగి,
తండా ట్యాంకిని చుట్టి మల్ల ఈడికే.
నాలుగు కిలోమీటర్లు. బండి మీద తిరిగి రీడింగు చూసిన,
వాగుల మాత్రం దిగి నూకిన.

ఇనుండ్రి.
ఇసుకల కాలు గుంజుతది. గుంజనియ్యి.
దానితోటి కొట్లాడినోళ్ళు ఆడనే పండుతరు.
చిన్నచిన్న అడుగులు,
ఎసరు కాగినట్టు, మెల్లగ, మూత ఎగరకుంట.
గుట్ట కాడ తల ఎత్తకు.
గుట్టను చూసినోళ్ళకు గుట్టే కనవడ్తది,
ముంగటి పిల్ల మడిమను చూస్తే తొవ్వ కనవడ్తది.
దిగేటప్పుడు చేతులు ఇడిసిపెట్టుండ్రి,
గడ్డివాము మీదికెళ్ళి జారినట్టు.

నస్రీన్, మొదటి ఫర్లాంగుల నువ్వు పులివి,
రెండో కిలోమీటరుల కట్టేసిన మేకవు.
ఇయ్యాల నోరు మూసుకొని ఉరుకు,
ముక్కుతోని ఊపిరి ఆడినంత జోరే చాలు.
ఇంద్రజా, పక్కల నొప్పి లేస్తే ఆగకు,
వేళ్ళతోని ఒత్తి పట్టి
ఎడమ కాలు పడ్డప్పుడు ఊపిరి ఇడువు.
అఖిలా, ఆ బూట్లు మీ అన్నయి కదా,
ముంగట పాత పేపరు కుక్కినవా? ఏదీ, చూపెట్టు.
తియ్యి. ఒట్టి కాళ్ళే నయం.

ఆదివారం నల్లగొండల లెక్క ఎట్లుంటదో తెల్సా?
ఆరుగురు ఉరుకుతరు, నలుగురి నంబర్లు కూడుతరు.
తక్కువొచ్చిన బడి గెలుస్తది.
మార్కులు తక్కువొస్తే ఇంట్ల తిట్లు పడ్తయి గని
గీ ఒక్క కాడ తక్కువే గొప్ప.
ఒకటో పిల్లతోని ఫోటో దిగుతరు.
నాలుగో పిల్ల జట్టును గెలిపిస్తది, లేకుంటే ముంచుతది.

నిరుడు మన నాలుగో పిల్ల నంబరు నలభై రెండు.
దేవ్లీ, తల దించకు.
సగం తొవ్వల కూసున్నవని
అందరి ముంగట నేనన్న మాట
నీకంటే నాకే ఎక్కువ యాదికున్నది.
ముందటి దినం పొద్దూకేదాక పత్తి ఏరినవని,
రాత్రి తినకుంట పండినవని
నస్రీన్ బస్సుల చెప్పింది నాకు.
నేను కిటికీల నుంచి బయటికి చూసిన.
సారన్నోడు చెయ్యవల్సిన పని గది కాదు.

ఇగో, అరటిపండ్లు. అందరికి ఒక్కటి, నీకు రెండు.
మాఫీ అనుకో, తిండి అనుకో, నీ ఇష్టం.

నేనేం మెడల్ కొట్టినోన్ని కాదు.
నా నంబరు ఎన్నడూ ఎవ్వలు కూడలే,
ఆరుగుర్ల ఆరోవాన్ని.
నేను వచ్చేసరికి తాడు చుట్టుకొని పోయిండ్రు,
టైం రాసే సారు చాయ తాగుతుండె.
అందుకే నా కథ మీకెరుకే,
ఆఖరు పిల్ల గేట్ల అడుగు పెట్టేదాక
ఈ గడియారం ఆపను,
బెల్లు కొట్టినా, హెడ్మాస్టరు పిలిచినా.

సరే, తెల్లారుతున్నది.
గుట్ట మీద ఎర్రగయితున్నది, చూడొద్దని చెప్పిన కదా.
జడలు గట్టిగ కట్టుకోండ్రి.
పాలాయన కుక్క కరవది, మొరుగుతది అంతే.
ఇంద్రజా, నవ్వుడు ఆపు.

ఇగ ఈల నోట్లె పెట్టుకుంట.
ఊదినంక మాటలుండయి,
బండి చప్పుడే నా మాట.
అది ఎనుక ఇనవడుతున్నదంటే
ఆఖరున ఉన్న పిల్ల ఒక్కతే లేదని.

దేవ్లీ, నీళ్ళు తాగినవా?